డాలస్‌కు కొత్తగా వచ్చారా? రేంజర్స్ ఆటకు వెళ్లేముందు

ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో దిగి, ఒక్కసారైనా బేస్‌బాల్ చూద్దామనుకునేవాళ్లు ముందు అడిగేది ఎండ గురించే. ఇక్కడి బేస్‌బాల్ జట్టు టెక్సస్ రేంజర్స్ 1994 నుంచి 2019 దాకా ఆడిన స్టేడియానికి కప్పు లేదు. జులైలో అక్కడ కూర్చోవడమంటే శిక్షే. 2020లో ఆ దగ్గర్లోనే తెరిచిన గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌కు మూసి తెరిచే కప్పూ ఏసీ ఉన్నాయి. పిల్లలతో మధ్యాహ్నం ఆటకైనా నిశ్చింతగా వెళ్లొచ్చు, వానొచ్చి ఆగిపోతుందన్న బెంగా లేదు. చంటిపిల్లలుంటే మాత్రం పల్చటి స్వెటర్ ఒకటి పెట్టుకోండి.

పాతదాన్ని కూల్చలేదు. దాని అప్పటి పేరు గ్లోబ్ లైఫ్ పార్క్, ఇప్పుడు చాక్టా స్టేడియం. మ్యాప్‌లో పెట్టుకునేటప్పుడు ‘ఫీల్డ్’ అని ఉందో లేదో చూసుకోండి.

అసలు తిప్పలు రాకపోకలతోనే. స్టేడియం ఉన్న ఆర్లింగ్టన్‌లో మెట్రో రైలు లేదు, రూటు బస్సులూ లేవు. పిలిస్తే వచ్చే సిటీ వ్యాన్లున్నా, రాత్రి ఆట ముగిశాక వాటిని నమ్ముకోవద్దు. ఊబర్ అయితే అందరూ ఒకేసారి బుక్ చేస్తారు, రేటు ఎగబాకుతుంది. కాసేపు ఆగి పిలవండి. కారున్న స్నేహితుడితో వెళ్లడమే మేలు. పార్కింగ్‌కు వేరే డబ్బు, ముందే కొనుక్కోండి. టికెట్లు ఎంఎల్‌బీ (మేజర్ లీగ్ బేస్‌బాల్) బాల్‌పార్క్ యాప్‌లో ఉంటాయి. నలుగురివీ ఒకే ఫోన్‌లో ఉంటే, విడిగా వచ్చేవాళ్లకు ఇంటి దగ్గరే ట్రాన్స్‌ఫర్ చేసేయండి. గేటు దగ్గర సిగ్నల్ అందక ఇబ్బంది పడేది ఇలాంటివాళ్లే.

సీజన్ మార్చి చివర మొదలై సెప్టెంబరు చివరిదాకా సాగుతుంది. మొత్తం 162 ఆటలు, సొంత మైదానంలో 81. కాబట్టి తొందరేం లేదు. మంగళ, బుధవారాల్లో సాధారణంగా చవక. యాంకీస్, ఆస్ట్రోస్ లాంటి పేరున్న జట్లు వస్తే ధర పెరుగుతుంది. ఓడిపోయే జట్టేనని చిన్నచూపు చూడకండి. 2021లో 102 ఆటలు ఓడిన ఈ జట్టే 2023లో మొదటిసారి వరల్డ్ సిరీస్, అంటే లీగ్ ఫైనల్, గెలిచింది. ఆ ఏడాది లీగ్ దశలో 72 ఓడింది కూడా. ఐపీఎల్ పాయింట్ల పట్టిక లెక్క ఇక్కడ పనిచేయదు.

స్టాండ్‌లోకి వచ్చిన బంతి తిరిగి విసరక్కర్లేదు, పట్టుకున్నవాళ్లదే. అయితే వల లేని వైపు కూర్చుని ఫోన్ చూస్తుంటే ఫౌల్ బంతి (గీత బయటికి కొట్టిన బంతి) మొహానికే తగలొచ్చు. పసిపిల్లలుంటే హోమ్ ప్లేట్ (బ్యాటింగ్ చేసే చోటు) వెనక, వల ఉన్న సెక్షన్లే తీసుకోండి.