విదేశీ ట్రిప్ చివరి రోజులకు డబ్బు పక్కన పెట్టారా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంజినీరింగ్ మూడో ఏడాది. కాలేజీ బృందంతో వియన్నా, ప్రాగ్ వెళ్లింది. తిరుగు ప్రయాణానికి ముందు రోజు ప్రాగ్‌లో మెట్ల మీద జారిపడి చీలమండ విరిగింది. బృందం వచ్చేసింది. తను, తోడుగా ఒక స్నేహితురాలు ఇంకో మూడు రోజులు ఆగాల్సి వచ్చింది. ఆసుపత్రికి, హోటల్‌కు క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో రూ.60,000 తీసింది. కొత్త టికెట్ల కోసం నేను రుణ యాప్‌లో రూ.40,000 తీసుకున్నాను. పొదుపంతా ట్రిప్ ఫీజుకే అయిపోయింది. రూ.2 లక్షల ఎఫ్‌డీ ఉంది కానీ అది తన పెళ్లి కోసం. మా ఇంటి ఖర్చు నెలకు రూ.45,000. మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకుని రెండు అప్పులూ కట్టేయమంటారా?

జవాబు: అమ్మాయి క్షేమంగా ఇల్లు చేరింది, ముందు అది చాలు. డబ్బు సంగతి సర్దుకోవచ్చు.

పర్సనల్ లోన్ వద్దమ్మా. ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీని హామీగా పెట్టుకుని బ్యాంకు ఇచ్చే అప్పు) తీసుకుని ఈ వారంలోనే రెండు అప్పులూ తీర్చేయండి. దానికి వడ్డీ సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ. ఎఫ్‌డీ రద్దు చేయాల్సిన పని కూడా లేదు. పెళ్లి డబ్బు ముట్టుకోకూడదని మీరు పట్టుబట్టడం వల్లే అసలు ఖరీదైన అప్పు ఇంట్లోకి వచ్చింది. క్రెడిట్ కార్డుతో వస్తువు కొంటే వడ్డీ లేని గడువు ఉంటుంది. నగదు తీస్తే తీసిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. నెలకు 3.5 శాతం అనుకున్నా రూ.60,000 మీద నెలకు రూ.2,100. దానికి తోడు నగదు తీసినందుకు ఫీజు, విదేశీ మారకపు చార్జీ. ఆసుపత్రి కౌంటర్లో అదే కార్డు నేరుగా వాడి ఉంటే కనీసం ఈ వడ్డీ తప్పేది.

ఇక రుణ యాప్. అర్ధరాత్రి కంగారులో నాలుగు బటన్లు నొక్కి తీసుకునే అప్పు అది. వడ్డీ ఎంతో, ప్రాసెసింగ్ ఫీజు పోను చేతికి ఎంత వస్తుందో అప్పుడు ఎవరూ చదవరు. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం రుణ వివరాల పత్రం ఇవ్వాలి, జరిమానా లేకుండా అప్పు వెనక్కి ఇచ్చేసే కూలింగ్ ఆఫ్ గడువూ ఉండాలి. అది మీకు దాటిపోయే ఉంటుంది. ఫోన్లో ఆ యాప్ ఇంకా ఉంటే అప్పు తీరిన రోజే తీసేయండి. దయచేసి మళ్లీ ఆ వైపు వెళ్లొద్దు.

మీలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. పిల్లల ట్రిప్‌కు ఫీజు, వీసా, షాపింగ్ అన్నీ లెక్క వేస్తాం. ఆ లెక్క హోటల్ ఖాళీ చేసే ఉదయంతో ముగుస్తుంది. నిజానికి చేతిలో డబ్బు అడుగంటేది ఆఖరి రెండు రోజుల్లోనే. ముందే విదేశీ డబ్బు నింపుకున్న ఫారెక్స్ కార్డులో బ్యాలెన్స్ అయిపోతుంది. మిగిలిన కొరునాలు (ప్రాగ్‌లో వాడే చెక్ కరెన్సీ) బహుమతులకు ఖర్చవుతాయి. ఎవరి కార్డు పనిచేస్తే వాళ్లే అందరి బిల్లులూ కడతారు. సరిగ్గా అప్పుడే ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే, విమానం తప్పితే, చేతిలో ఏమీ ఉండదు. పంపే ముందే మూడు లెక్కలు వేసుకోవాలి: ఆ రోజు ధరలో ఒక వన్‌వే టికెట్, నాలుగు రాత్రుల బస, ఆసుపత్రిలో మొదట కట్టాల్సిన సొమ్ము. ఆ మొత్తం వేరే ఖాతాలో, వేరే కార్డుతో ఉండాలి. పిల్లలు ఇల్లు చేరేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

దీనికి వెనక దన్నుగా ఇంటి అత్యవసర నిధి ఉండాలి. మీ ఖర్చుకు ఆరు నెలలంటే రూ.2.7 లక్షలు. మీ దగ్గర అది సున్నా. సున్నాతో ఉన్న ఇల్లు పొదుపంతా పెట్టి విదేశీ ట్రిప్‌కు పంపకూడదు. అమ్మాయి ఎంత ఆశపడినా ఒక ఏడాది ఆగాల్సింది.

షెంజెన్ వీసా (చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే వీసా) కోసం కనీసం 30,000 యూరోల వైద్య బీమా తీసుకునే ఉంటారు. అత్యవసర చికిత్స అందులోకి వస్తుంది. పడిన రోజే పాలసీ మీద ఉన్న సహాయ నంబర్‌కు ఫోన్ చేసి ఉంటే బీమా సంస్థ ఆసుపత్రితో నేరుగా మాట్లాడేది. ఇప్పటికీ క్లెయిమ్ చేసి చూడండి: అసలు బిల్లులు, వైద్యుడి రిపోర్టు, డబ్బు కట్టిన రసీదులు, పాస్‌పోర్టులో రాకపోకల ముద్రలున్న పేజీలు జత చేయండి. గడువు ఎంతో పాలసీలో చూసి ఈ రోజే పంపండి. కొత్త టికెట్లు, అదనపు హోటల్ ఖర్చు మాత్రం ప్రయాణం ఆగిపోతే ఇచ్చే కవర్ విడిగా ఉంటేనే వస్తాయి. ఆ పేజీ ఒకసారి చదవండి. స్నేహితురాలి టికెట్ విషయం వాళ్ల ఇంట్లో కూడా మాట్లాడండి, అందులో మొహమాటం అక్కర్లేదు.



క్లెయిమ్ డబ్బు వస్తే ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతాలోనే వేయండి. మిగిలిన బాకీకి నెలకు రూ.10,000 చొప్పున కట్టండి. బాకీ తీరిన నెల నుంచి అదే రూ.10,000 ఆపకుండా అత్యవసర నిధికి మళ్లించండి, రూ.2.7 లక్షలు అయ్యేదాకా.