తాడుకు అవతలి కొస

చిరంజీవి అమ్మాయికి,

బెంగళూరు దగ్గరి రామనగరలో తాళ్లు కట్టుకుని బండలెక్కి వచ్చిన ప్రయాణం మీద నువ్వు పంపిన వ్యాసం అందింది. ఒకసారి గబగబా, ఇంకోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. బాగుందని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే నీకు సంతోషమే గానీ వ్యాసానికి ఒరిగేదేమీ లేదు. అందుకని కాస్త పెద్ద ఉత్తరమే రాస్తున్నాను.

ముందు తీసేయాల్సినవి చెప్తాను. దారిలో బిడది ఊరి తట్టె ఇడ్లీ మీద రెండు పేరాలు నడిపావు. చదువుతుంటే నాకు ఆకలేసిన మాట నిజమే గానీ, అప్పటికింకా కొండ కనపడనే లేదు. ఒక వాక్యం చాలు. ‘కొండ నన్ను రమ్మని పిలిచింది’ అన్నది కొట్టేశాను. నిన్ను పిలిచింది వాట్సాప్ గ్రూపు. తెల్లవారకముందే మైసూరు రోడ్డు మీద టెంపో ట్రావెలర్ ఆగుతుందని మెసేజ్ వచ్చింది, వెళ్లి ఎక్కావు. అలాగే రాయి. బెంగళూరుకి ఉద్యోగానికొచ్చిన పిల్ల ముక్కూ మొహం తెలియని జనంతో చీకట్లో బండెక్కిందంటేనే నాకు ఆసక్తి పుడుతుంది. అంత పెందలాడే ఎందుకు బయల్దేరారో కూడా ఒక మాట అనాల్సింది. ఎండెక్కితే బండ కాలుతుంది, అరచేతులు చెమట పడతాయి, పట్టు జారుతుంది. చదివేవాడికి ఇవన్నీ తెలియవు కదా.

ఇక ‘మృత్యువు అంచున నిలబడ్డాను’ అన్న వాక్యం. దీని దగ్గర మాత్రం కాస్త గట్టిగానే అంటున్నాను, ఏమీ అనుకోకు. నువ్వు ఎక్కింది టాప్ రోప్ మీద. తాడు పైన బండకి బిగించిన కట్టు, అంటే యాంకర్‌లోంచి పోయి, ఒక కొస నీ నడుముకీ తొడలకీ కట్టుకున్న పట్టీల హార్నెస్‌కి, రెండో కొస కింద బిలే ఇచ్చే, అంటే నీ తాడుని అదుపులో పట్టుకునే మనిషి దగ్గరికి వస్తుంది. యాంకర్ సరిగ్గా కట్టి, కింద మనిషి తాడు బిగువుగా ఉంచితే, కాలు జారినా తాడు సాగినంత మేర, అడుగో రెండడుగులో జారి వేలాడతావు. మోకాలు గీసుకుపోతుంది, పరువు పోతుంది. దాన్ని మృత్యువు అంటే బండలెక్కే అలవాటున్నవాళ్లు నవ్వుకుంటారు. ఆ అలవాటు లేనివాళ్లకి కూడా ఎక్కడో అనుమానం తగుల్తుంది. ఒకసారి అనుమానం పడిన పాఠకుడు ఆ తర్వాత నువ్వు నిజం చెప్పినా సగమే నమ్ముతాడు.

నీకు భయం వేయలేదని కాదు. వేసింది, కానీ నువ్వు రాసిన చోట కాదు. ‘పైకి చేరాక కిందికి దించేశారు’ అని నాలుగు మాటల్లో తేల్చేశావే, అక్కడుంది అసలు భయం. మొదటిసారి ఎక్కే ప్రతివాళ్లూ గడగడలాడేది అక్కడే. అంతదాకా గోళ్లు విరిగేలా పట్టుకున్న బండని వదలమంటారు. ‘చేతులు తీసెయ్, వెనక్కి వాలు, తాడు మీద కూర్చో’ అని కింద నుంచి అరుస్తుంటారు. బుర్రకి తెలుసు తాడు ఆపుతుందని, వేళ్లకి తెలియదు. ఒక చెయ్యి తీసి తాడు పట్టుకుంటాం, రెండోది రాదు. చివరికి వాలాక హార్నెస్ తొడలకి బిగుసుకుని, పాదాలు బండకి అడ్డంగా ఆని, ‘ఓహో ఇంతేనా’ అనిపిస్తుంది. నీకూ ఇలాగే జరిగి ఉంటుందని నా అంచనా. కాకపోతే ఎలా జరిగిందో అదే రాయి. ఎన్ని సెకన్లు బిగుసుకుపోయావు, ఏమని అరిచావు, ఏ భాషలో అరిచావు? దానికి ఒక పేజీ ఇవ్వు.

రెండోది, కాళ్లు. వ్యాసం నిండా చేతులే ఉన్నాయి: చేతులు నొప్పెట్టాయి, చేతులు వణికాయి, చేతులు కొట్టుకుపోయాయి. రామనగర స్లాబ్, అంటే ఆ ఏటవాలు బండ మీద పట్టుకోవడానికి చాలాచోట్ల ఏమీ దొరకదు. నిలబెట్టేది షూ అడుగున ఉన్న రబ్బరు రాపిడి. భయమేస్తే బండని కావలించుకుంటాం. పొట్ట ఆనగానే పాదం మీంచి బరువు తప్పి, షూ సర్రున జారుతుంది. మడమ కిందికి దించి, నడుము బండకి దూరంగా జరిపి, బరువంతా పాదం మీద వేస్తే నిలుస్తుంది. దూరంగా జరిగితేనే గట్టిగా నిలబడతామంటే ఒళ్లు ఒప్పుకోదు. నిన్ను అంతసేపు అక్కడ ఇరికించింది ఈ తగువే. అద్దె షూలు వేళ్లని ముడిచి బిగించేశాయని, కిందికి రాగానే లాగిపారేశావని రాసిన రెండు లైన్లు మాత్రం చాలా బాగున్నాయి. అక్షరం మార్చకు.

రామనగర చరిత్ర, పట్టుగూళ్ల మార్కెట్, సినిమా షూటింగులు అన్నీ ఒకే పేరాలో కుమ్మరించావు. అది ఎవరైనా రాయగలరు. అదే సమాచారం నీ ఒంటికి తగిలినచోట పెట్టు. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఆ ఊరు క్లోజ్‌పేట. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ బండని ఇప్పటికీ క్లోజ్‌పేట గ్రానైట్ అనే అంటారు. దాని వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. లోపలెక్కడో మెల్లగా చల్లారడం వల్ల అందులో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం పలుకులు పెద్దపెద్దవిగా ఎదిగాయి. పైకి పొడుచుకొచ్చిన అలాంటి పలుకు మీదే నీ బొటనవేలు ఆనించి నిలబడి ఉంటావు. అక్కడ చెప్తే ఆ 250 కోట్లు చదివేవాడి కాలికి కూడా తగులుతాయి.

ఇక నన్ను బాగా నిరాశపరిచింది చెప్తాను. పదిమందికి పైగా వెళ్లారు, రెండు తాళ్లు కట్టారు అన్నావు. అంటే రోజులో ఎక్కువసేపు నువ్వు కిందే ఉన్నావు. మెడ నొప్పెట్టేలా పైకి చూస్తూ, నీ వంతు కోసం ఎదురుచూస్తూ, ఎవరి కాలో వణుకుతుంటే ‘కుడివైపు, ఇంకొంచెం కింద’ అని అరుస్తూ. ఆ గంటలన్నీ ఎక్కడికి పోయాయి? వ్యాసంలో నువ్వూ బండా తప్ప మూడో ప్రాణి లేదు. ‘ఒకతను తాడు పట్టుకున్నాడు’ అన్న చోట పెన్సిల్‌తో రెండు గీతలు గీశాను. ఎవరతను? పొద్దున బండిలో నీ పక్కన కూర్చున్నాడా? ఎక్కేముందు ఇద్దరూ ఒకరి కట్లు ఒకరు చూసుకునే ఉంటారు: ఎనిమిది అంకెలా వేసే ముడిలో తాడు వెళ్లిన దారినే తిరిగి వచ్చిందా, హార్నెస్ బకిల్ బిగిసిందా, కారబైనర్ కొక్కేనికి లాక్ పడిందా అని. గంటల కిందట పేరు కూడా తెలియని మనిషి నీ నడుము దగ్గర వంగి ముడి లాగి చూస్తాడు, నువ్వు అతని ముడి చూస్తావు. ఇంత పెద్ద విషయం మామూలుగా జరిగిపోయే చోటు నీకు దొరికితే, దాన్ని వదిలేసి సూర్యోదయాన్ని వర్ణించావు.

మధ్యాహ్నం నీ చేత కూడా బిలే ఇప్పించారట, వెనక ఇంకొకరు తాడు తోక పట్టుకుని నిలబడ్డారట. దానికి ఒక్క వాక్యమే ఇచ్చావు! కింది చెయ్యి తాడు మీంచి ఒక్క క్షణం తీయకూడదు. పైన మనిషి అడుగు ఎక్కితే నువ్వు అడుగు తాడు లాగాలి. మరీ బిగిస్తే విసుక్కుంటారు, వదులైతే భయపడతారు. అవతలి మనిషి కనపడకపోయినా తాడు కదలికని బట్టి తడబడుతున్నారో, ఆగారో తెలుస్తుంది. నా లెక్కలో నీ వ్యాసం మొదలవ్వాల్సింది ఇక్కడే.

ఇంకో చిన్న సంగతి. చదివినవాళ్లలో కొందరు వచ్చే వారమే బయల్దేరతారు. అక్కడి రామదేవర బెట్ట అనే కొండ 2012 నుంచి రాబందుల అభయారణ్యం, ఆ బండల అంచుల మీదే అవి గూళ్లు పెట్టుకుంటాయి. పెద్ద తేనెపట్లు వేలాడే బండల కింద కేకలు, పొగ పనికిరావు. మీ లీడర్ ఆ బండకి కాక ఈ బండకి తీసుకెళ్లడానికి ఏదో కారణం చెప్పే ఉంటాడు, అడిగి తెలుసుకుని కథలోనే కలిపెయ్. హెల్మెట్ తీసి దిగిన ఫొటో మాత్రం వ్యాసంతో వేయొద్దు.

మొత్తం తిరగరాయక్కర్లేదు. ముందు రెండు పేరాలు రాసి పంపు: నీకు తాడు పట్టిన మనిషి మీద ఒకటి, నువ్వు తాడు పట్టినప్పుడు పైనున్న మనిషి మీద ఒకటి. పేర్లు మార్చు, చేతులు మాత్రం ఉన్నవున్నట్టు రాయి. అవి చూశాక మిగతాది ఎక్కడ అతకాలో ఇద్దరం కూర్చుని చూద్దాం. ఈ నెలాఖరు దాకా నేను మల్లేశ్వరంలోనే ఉంటాను, సాయంత్రాలు ఎప్పుడైనా రా.

ఆశీస్సులతో,
మీ అక్క