పర్మిషన్ డినైడ్ అని వచ్చినప్పుడు

తమ్ముడూ,

బిల్డ్ పైప్‌లైన్ (కోడ్‌ను తనంతట తానే కట్టి, పరీక్షించే వరుస) బాధ్యత నీ చేతికి వచ్చిందని తెలిసి సంతోషించాను. ఇక నీకు తరచూ ఎదురయ్యే ఎర్రర్ 'పర్మిషన్ డినైడ్'. అది రాగానే రిలీజ్ టెన్షన్‌లో ఒకరు 'చ్‌మాడ్ 777 కొట్టెయ్' (ఫైలును అందరికీ తెరిచెయ్) అంటారు, ఇంకొకరు 'ప్రివిలేజ్డ్ పెట్టు, అదే పోతుంది' అంటారు. పోతుంది కూడా. కానీ ఆ ఎర్రర్ నిన్ను ఒక ప్రశ్న అడుగుతోంది: ఈ ఫైలు ఎవరిది, దాన్ని ముట్టుకుంటున్నది ఎవరు? అధికారం పెంచే ముందు దానికి జవాబు వెతుకు.

ఎక్కువసార్లు జరిగేది ఇది. రన్నర్, అంటే పైప్‌లైన్ జాబ్‌లను నడిపే ప్రోగ్రామ్, నీ కోడ్ ఫోల్డర్‌ను కంటైనర్‌లోకి (మిగతా మెషీన్ నుంచి వేరుచేసి ప్రోగ్రామ్ నడిపే పెట్టెలోకి) మౌంట్ చేస్తుంది, అంటే లోపల కూడా కనిపించేలా తగిలిస్తుంది. యూజర్ ఎవరో చెప్పకపోతే కంటైనర్ చాలావరకు రూట్‌గానే, అంటే అన్ని అధికారాలున్న యూజర్ నంబర్ 0గా నడుస్తుంది. టెస్టులు సృష్టించిన రిపోర్టు, క్యాష్ ఫోల్డర్లూ, వాటిలోని ఫైళ్లూ అన్నీ రూట్ పేరు మీద పడతాయి. తర్వాతి జాబ్‌లో ఫోల్డర్ శుభ్రం చేయబోయిన రన్నర్ యూజర్ నంబర్ 1000 అనుకో, ఆ ఫైళ్లను చెరపలేక ఆగిపోతుంది. అక్కడ 'ఎల్ఎస్ మైనస్ ఎన్' కొట్టి చూడు. పేర్లు కాకుండా నంబర్లు కనిపిస్తాయి. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె) చూసేది ఆ నంబర్లనే. లోపల 'యాప్', బయట 'బిల్డ్' అని ఏ పేర్లు పెట్టుకున్నా నంబర్ ఒకటైతే ఇద్దరూ ఒకరే.

కాబట్టి కంటైనర్‌ను రన్నర్ యూజర్, గ్రూప్ నంబర్లతోనే నడుపు. అలా చేయగానే ఇంకో చిక్కు రావచ్చు. ఆ నంబర్‌కు ఇమేజ్‌లో (కంటైనర్ పుట్టే అచ్చులో) హోమ్ ఫోల్డర్ లేకపోతే కొన్ని టూల్స్ తమ క్యాష్‌ను ఏకంగా రూట్ డైరెక్టరీలో (ఫైళ్ల చెట్టు మొదట్లో) రాయబోయి విఫలమవుతాయి. హోమ్ వేరియబుల్‌ను రాయడానికి వీలున్న ఫోల్డర్‌కు మార్చు, చాలు. ఇక్కడే చాలామంది విసిగిపోయి మళ్లీ రూట్‌కు వెళ్లిపోతారు. నువ్వు వెళ్లకు.

డాకర్‌ఫైల్‌లో (ఇమేజ్ తయారీ ఆదేశాల ఫైలులో) ప్యాకేజీలు రూట్‌గా ఇన్‌స్టాల్ చేసుకో, ఆ తర్వాత యూజర్ లైను పెట్టు. అందులో పేరు కాకుండా నంబర్ రాయి. కుబర్నెటీస్‌లో (చాలా కంటైనర్లను నడిపించే వ్యవస్థలో) 'రన్ యాజ్ నాన్ రూట్' పెడితే, పేరు చూసి అది రూట్ అవునో కాదో తేల్చలేక కంటైనర్‌ను మొదలే పెట్టదు. ఫైళ్లకు ఓనర్‌ను కాపీ చేసేటప్పుడే ఇవ్వు. తర్వాత వేరే లైనులో మారిస్తే ఆ ఫైళ్లన్నీ కొత్త లేయర్‌లో మళ్లీ చేరి ఇమేజ్ ఉబ్బుతుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం. ప్రివిలేజ్డ్ అంటే కంటైనర్‌కు అన్ని కేపబిలిటీలూ (రూట్ అధికారాల ముక్కలు), హోస్ట్ (కంటైనర్ నడిచే మెషీన్) డివైసులూ ఇచ్చేసి, కెర్నల్‌ను ఏమేం అడగవచ్చో కట్టడి చేసే సెక్‌కాంప్ కాపలా తీసేయడం. డాకర్ సాకెట్‌ను, అంటే డాకర్‌కు ఆదేశాలు వెళ్లే దారిని, మౌంట్ చేయడం కూడా అంతే పని. ఆ సాకెట్‌తో మాట్లాడగలిగిన స్క్రిప్ట్, హోస్ట్ డిస్క్ మొత్తాన్ని మౌంట్ చేసుకున్న కొత్త కంటైనర్‌ను తెరవగలదు. 'రీడ్ ఓన్లీగా పెట్టాం కదా' అని ఎవరైనా అంటే నమ్మకు. అది సాకెట్ ఫైలును మార్చకుండా ఆపుతుంది గానీ దాని ద్వారా వెళ్లే ఆదేశాలను ఆపదు. తలుపుకు తాళం వేసి తాళంచెవి గుమ్మం మీద పెట్టినట్టే.

ఇమేజ్ కట్టడానికి ఇవేవీ తప్పనిసరి కాదు. రూట్‌లెస్ (రూట్ అధికారం లేకుండా నడిచే) పాడ్‌మ్యాన్, బిల్డా, రూట్‌లెస్ బిల్డ్‌కిట్ ఉన్నాయి. పాత వ్యాసాల్లో కానికో అనే ఇమేజ్ కట్టే టూల్ వాడమని కనిపిస్తుంది. గూగుల్ ఆ రిపాజిటరీని 2025లో ఆర్కైవ్ చేసింది, కొత్తగా దాని మీద కట్టకు. డాకర్ లోపల డాకర్ తప్పదంటే ఒక్క జాబ్ కోసం పుట్టి, అది అవగానే చెరిగిపోయే మెషీన్‌లో నడుపు.

కంటైనర్ గోడ కూడా చెక్కుచెదరనిది కాదు. కంటైనర్లను మొదలుపెట్టే రన్‌సీ అనే ప్రోగ్రామ్‌లో 2019లో బయటపడ్డ లోపంతో, లోపల రూట్‌గా ఉన్న ప్రోగ్రామ్ హోస్ట్‌లోని రన్‌సీనే తిరగరాయగలిగేది. 2024 జనవరిలో బయటపడ్డ మరో లోపం డాకర్‌ఫైల్‌లోని వర్క్‌డిర్ లైను ద్వారా బిల్డ్ సమయంలో కూడా పనిచేసేది. రన్‌సీని అప్‌డేట్‌గా ఉంచు.

టోకెన్ల (పాస్‌వర్డ్‌లా పనిచేసే రహస్య కోడ్‌ల) దగ్గర మరింత జాగ్రత్త. బిల్డ్ ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చిన పాస్‌వర్డ్ ఇమేజ్ హిస్టరీలో దొరుకుతుంది. బిల్డ్‌కిట్ సీక్రెట్ మౌంట్ వాడు. 2021లో కోడ్‌కోవ్ అనే టెస్ట్ కవరేజ్ సంస్థ ఇమేజ్ తయారీలో జరిగిన పొరపాటు వల్ల ఒక క్రెడెన్షియల్ బయటికి పొక్కింది. దాడి చేసినవాళ్లు దానితో వాళ్ల అప్‌లోడర్ స్క్రిప్ట్‌నే మార్చారు. ఆ స్క్రిప్ట్ నడిచిన ఇతరుల పైప్‌లైన్ల నుంచి సీక్రెట్లు పోయాయి. గిట్‌హబ్ టోకెన్‌కు డిఫాల్ట్‌గా రీడ్ మాత్రమే ఇచ్చి, అవసరమైన జాబ్‌కే రైట్ ఇవ్వు. ఫోర్క్ (బయటివాళ్లు తీసుకున్న నీ రిపాజిటరీ కాపీ) నుంచి వచ్చిన కోడ్ నడిచే జాబ్‌కు సీక్రెట్లు అసలే వద్దు. బయటి యాక్షన్లను (గిట్‌హబ్ పైప్‌లైన్‌లో వాడే రెడీమేడ్ స్క్రిప్టులను) ట్యాగ్‌తో కాదు, కమిట్ హ్యాష్‌తో పిన్ చెయ్యి. 2025 మార్చిలో టీజే యాక్షన్స్ వాళ్ల ట్యాగులను ఎవరో చెడ్డ కమిట్‌కు తిప్పితే సీక్రెట్లు బిల్డ్ లాగుల్లోకి వచ్చేశాయి.

ఈ వారం నీ పైప్‌లైన్ ఫైళ్లలో ప్రివిలేజ్డ్, డాకర్ సాకెట్, 777 ఎక్కడున్నాయో వెతుకు. ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పలేని ఒకదాన్ని వేరే బ్రాంచ్‌లో తీసేసి నడిపి చూడు. ఆగిపోతే ఆ ఎర్రర్, దానితోపాటు 'ఎల్ఎస్ మైనస్ ఎన్' అవుట్‌పుట్ నాకు పంపు, కలిసి చూద్దాం.

నీ అన్నయ్య