డాక్టర్ సలహా: నీళ్ల కంటే ముందు ఆ నొప్పి బిళ్ల సంగతి చూడండి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పని. మధ్యాహ్నం మూడు దాటితే తల బరువెక్కి పలకల కొలతలు తప్పు రాస్తున్నాను. ఇంటికెళ్లాక పిల్లల్ని ఊరికే కసురుకుంటున్నాను. రోజుకు ఐదు లీటర్ల నీళ్లు తాగితే ఏకాగ్రత పెరుగుతుందని వీడియోలో చూశాను, నిజమేనా? తలనొప్పికి మందుల షాపులో ఇచ్చిన బిళ్ల నాలుగు నెలలుగా దాదాపు రోజూ వేసుకుంటున్నాను. దానికి తగ్గుతోంది.

జవాబు: ముందు ఆ బిళ్ల ఆపండి. పేరు రాయలేదు కానీ, షాపుల్లో ఎక్కువగా ఇచ్చేవి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రకాలు. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు, కిడ్నీలోకి వెళ్లే రక్తనాళాలు మూసుకుపోకుండా చూసేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. ఈ బిళ్లలు నొప్పి తగ్గించేదే వాటి తయారీని అడ్డుకుని. అందుకే ఎండలో పనిచేస్తూ, సరిగా నీళ్లు తాగకుండా వీటిని మింగేవాళ్లకు కిడ్నీ దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. మొదట్లో ఏ నొప్పీ ఉండదు, మూత్రం కూడా మామూలుగానే రావచ్చు. షాపు అబ్బాయికి మీ బీపీ ఎంతో, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతో తెలియదు. మీకూ తెలియదు. అలాంటప్పుడు నాలుగు నెలలు ఎలా మింగారండీ?

ఇంకో సంగతి. ఇలాంటి బిళ్లలు నెలకు 15 రోజులు, అంతకు మించి, మూడు నెలలు దాటి వాడితే వాటివల్లే తలనొప్పి మొదలవ్వొచ్చు. మీకు అదే జరుగుతుండవచ్చు. ఆపిన కొత్తలో నొప్పి పెరిగితే మళ్లీ షాపుకు వెళ్లకండి, ఫిజీషియన్‌ను కలవండి. ఖాళీ స్ట్రిప్పు అయినా సరే వెంట తీసుకెళ్లండి. డాక్టరు రాసిచ్చిన బీపీ, షుగర్ మందులుంటే మాత్రం సొంతంగా ఆపకూడదు.

మనిషిని చూడకుండా ఇది ఫలానా జబ్బని చెప్పలేను. బీపీ, సీరం క్రియాటినిన్, మూత్ర పరీక్ష, పరగడుపు షుగర్, హిమోగ్లోబిన్, థైరాయిడ్ ఈ వారంలోనే చేయించండి. విసుగుతో పాటు రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం ఉంటే అదీ దాచకుండా చెప్పండి. అది నీళ్లతో పోయేది కాదు.

ఇక మీరు అడిగింది. శరీర బరువులో ఒకటి, రెండు శాతం నీరు తగ్గినా తలనొప్పి, నీరసం, చిరాకు, పనిలో పొరపాట్లు రావచ్చు. 65 కిలోల మనిషికి అది 650 గ్రాముల నుంచి 1.3 కిలోలు. వేసవిలో రెండు మూడు గంటల పనిలోనే అంత చెమట పోతుంది, దాహం వేసేసరికి ఆ లోటు మొదలైపోయి ఉంటుంది. కానీ లోటు లేని మనిషి అదనంగా తాగితే బుర్ర చురుకెక్కదు.

అందరికీ ఐదు లీటర్లు అనే లెక్క తప్పు. వేడిలో పనిచేసేటప్పుడు 15–20 నిమిషాలకు ఒక గ్లాసు, అంటే 200–250 మిల్లీలీటర్లు తాగండి. గంటకు 1.4 లీటర్లు మించొద్దు, రక్తంలో సోడియం పడిపోవచ్చు. డ్యూటీకి ముందు, తర్వాత బరువు చూసుకోండి (తడిసిన బట్టలు విప్పేసి). కిలో తగ్గితే సుమారు లీటరు తక్కువ తాగినట్టు. మూత్రం లేత గడ్డి రంగులో ఉండాలి. బీ కాంప్లెక్స్ వేసుకునేవాళ్లకు మాత్రం ఈ గుర్తు పనికిరాదు, ఎలాగూ పసుపుగానే వస్తుంది. మధ్యాహ్నం అన్నం మానొద్దు, బీపీ లేకపోతే ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. ఓఆర్ఎస్ అయితే లీటరు ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం కలపకూడదు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఈ లెక్కలేవీ పాటించొద్దు, మీ డాక్టరు చెప్పిన కొలతే తాగండి.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరు నీళ్లు తాగేవాళ్లు ఆ నీళ్లకు ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైపోయి ఇంకా చిక్కబడుతుంది.

మూత్రం బాగా తగ్గినా, ముఖం, కాళ్లు వాచినా, వాంతులు ఆగకపోయినా, ఎండలో మాట తడబడినా పరీక్షల కోసం ఎదురుచూడకుండా అదేరోజు ఒంగోలు సర్వజన ఆసుపత్రికి వెళ్లండి. ఆ స్థితిలో సొంతంగా బండి నడపొద్దు, 108కి ఫోన్ చేయించండి.