మిరపకాయల ఘాటు

తిరువొత్తియూరు, చెన్నై

చిరంజీవి లావణ్యకు,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒక్క గుక్కలో, రెండోసారి పెన్సిలు పట్టుకుని. పద్నాలుగు పేజీల్లో పన్నెండు పేజీలు భోపాల్‌లో గ్యాస్ లీకైన 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి మీదే ఖర్చుపెట్టావు. విషమేఘం, మృత్యుదేవత, కరాళనృత్యం... వాటన్నిటి కిందా గీతలు గీశాను. గాలిని దేవతను చేస్తే ఆ గాలిని వదిలినవాళ్లు తప్పించుకుంటారమ్మా. చదివేవాడు తలరాత అనుకుని, ఓ నిట్టూర్పు విడిచి పేజీ తిప్పేస్తాడు.

ఆ పన్నెండు పేజీల్లో నన్ను నిలబెట్టింది ఒక్క వాక్యం. నిద్రలోంచి లేచిన తల్లి "ఎవరింట్లోనో మిరపకాయలు మాడుతున్నాయి" అనుకోవడం. భోపాల్‌లో బతికి బయటపడ్డవాళ్లు చాలామంది చెప్పిన మాట అది. మన ఇళ్లలో దిష్టి తీసి ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేస్తాం, ఘాటు రాలేదంటే దిష్టి బాగా తగిలిందంటాం. ఆ ఘాటు తెలిసిన గొంతుతోనే ఆ వాక్యం చదువుతారు మనవాళ్లు. దాన్ని ఉంచు. మృత్యుదేవతను పంపేయి.

ప్రమాదం ఎలా జరిగిందన్న చోట "ఏదో లోపం వల్ల" అని రాసి దాటేశావు. నాకు కోపం వచ్చింది అక్కడే. ఆ లోపాలకు పేర్లున్నాయి. యూనియన్ కార్బైడ్ కర్మాగారంలో సెవిన్ అనే పురుగుమందు చెయ్యడానికి మిథైల్ ఐసోసైనేట్ అనే విషరసాయనం నిలవ చేసేవాళ్లు. 39 డిగ్రీలకే మరిగిపోయే ద్రవం, ఎప్పుడూ చల్లగా ఉంచాలి. చల్లబరిచే యంత్రాన్ని ఆ ఏడు జూన్‌లోనే ఆపేశారు. బయటికి పోయే గ్యాస్‌ను కడిగి విషం విరిచే స్క్రబ్బర్ ఆ రాత్రి అక్కరకు రాలేదు. గ్యాస్‌ను పైనే కాల్చేసే గొట్టం దగ్గర పైపు తుప్పుపట్టిందని విప్పి పెట్టారు. ఇ-610 ట్యాంకులోకి నీళ్లు చేరాయి, లోపల సలసల కాగింది, సుమారు 40 టన్నులు ఊరి మీద పడింది. నీళ్లు ఎలా చేరాయన్నదాని మీద కంపెనీ ఒకటి చెప్పింది, కార్మికులు ఇంకొకటి చెప్పారు. ఆ తగవు కూడా కథలోకి రావాలి.

అంతకుముందు 1981లో ఫాస్జీన్ అనే విషవాయువు సోకి అదే కర్మాగారంలో ఒక కార్మికుడు చనిపోయాడు. రాజ్‌కుమార్ కేశ్వానీ అనే స్థానిక విలేకరి ఊరికి ముప్పుందని 1982లోనే రాశాడు. అయ్యాక అందరూ రాస్తారు, ఆయన కాకముందు రాశాడు. ఆయన గురించి చదువు, ఎన్ని పనులున్నా సరే.

ఇక తెల్లవారాక. ఏ గ్యాసో, ఏ మందు వెయ్యాలో తెలియక ఆస్పత్రిలో డాక్టర్లు తల్లడిల్లారు. ఆ గ్యాస్ గాలికన్నా బరువు, నేలను పట్టుకుని పాకింది, పొట్టిగా ఉన్న పిల్లలకు ముందు అందింది. చనిపోయినవాళ్లు మొదట 2,259 అన్నారు. తర్వాత రాష్ట్ర ప్రభుత్వమే 3,787 అంది. బాధితుల సంఘాలు చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. నువ్వు ఒకే అంకె వేసి ఊరుకున్నావు. ఈ అంకెలు ఎందుకు కలవవో ఆలోచించావా? గ్యాస్ పీల్చి పదేళ్లకు ఊపిరితిత్తులు పాడై చనిపోయినవాడిని ఏ ఖాతాలో వేస్తారు?

నీ అసలు కథ అక్కడుంది. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. చాలామంది చేతికి వచ్చింది 25,000 రూపాయలు, అదీ ఆఫీసుల చుట్టూ ఏళ్లకేళ్లు కాగితాలు పట్టుకు తిరిగాక. భర్తలు పోయిన ఆడవాళ్లకు కట్టిన కాలనీని ఊరు 'విధవా కాలనీ' అనే పిలిచింది. ఆ పేరు చిరునామాలో రాసుకుని బతికిన మనిషిని ఊహించుకో. రషీదా బీ, చంపాదేవి శుక్లా అనే ఇద్దరు బాధిత మహిళలు 2004లో వచ్చిన గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి డబ్బును వైకల్యంతో పుట్టిన పిల్లల కోసం చింగారీ ట్రస్టులో పెట్టారు. 2010లో కంపెనీ అధికారులు ఏడుగురికి రెండేళ్ల శిక్ష పడింది, ఆ రోజే బెయిలూ వచ్చింది. కర్మాగారంలో మిగిలిన 337 టన్నుల వ్యర్థం 2025 జనవరిలో గానీ భోపాల్ దాటలేదు. ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో కాలుస్తామంటే అక్కడి జనం వద్దని రోడ్డెక్కారు. నలభై ఏళ్ల తర్వాత కూడా దాన్ని మా ఊరు తేవద్దనే భయం చూడు, అందులోనే ఒక నవల ఉంది.

నువ్వు విశాఖ గోపాలపట్నం పిల్లవి. 2020 మే 7 తెల్లవారుజామున మీ పక్కనే వెంకటాపురంలో ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది పోయినప్పుడు మీవాళ్లు ఎటు పరిగెత్తారో నీకు తెలుసు. అయినా భోపాల్ మీద రాశావు. సొంత గాయం మీద చెయ్యి వెయ్యడానికి జంకావేమో. తొందరేం లేదు, కానీ ఎప్పటికైనా అక్కడికి రావాలి నువ్వు.

మా దగ్గర సంగతి ఒకటి చెప్తాను. 2023 డిసెంబరు 26 అర్ధరాత్రి ఎన్నూరులో సముద్రం అడుగున వేసిన పైపు నుంచి అమ్మోనియా లీకైంది. జనం ఉన్నపళంగా పరిగెత్తారు. మా వీధిలోకి వచ్చినవాళ్లలో ఒకామె, మన తెలుగే, తడికొంగు పిల్లాడి ముక్కుకు అదిమిపెట్టి మా అరుగు మీద కూర్చుంది. రెండో చేతి పిడికిలి విప్పడం లేదు. మంచినీళ్ల గ్లాసు ఇస్తే అప్పుడు విప్పింది. ఇంటి తాళంచెవి. అంత గట్టిగా పట్టుకోవడంతో అరచేతిలో అచ్చు పడింది. "తాళం వేసే వచ్చావా అమ్మా?" అన్నాను. తాళంచెవి వంక చూసుకుంది. "లేదక్కా, తలుపు తెరిచే వచ్చేశా" అంది.

ఆ రాత్రి ఎవరూ చనిపోలేదు, పేపర్లు నాలుగు రోజుల్లో మర్చిపోయాయి. కిందటి నెల వాళ్లింటికి వెళ్లాను. మంచం పక్కన చిన్న బకెట్టులో నీళ్లు, అందులో నానుతున్న రెండు తువ్వాళ్లు. రోజూ పడుకోబోయే ముందు మారుస్తుందట. పిల్లాడు అమ్మా వద్దంటే వినదట.

ఆదివారం గుమ్మిడిపూండి లోకల్ ఎక్కి తిరువొత్తియూరులో దిగు. ఇద్దరం కలిసి వాళ్లింటికి వెళ్దాం. మొదటి రోజే ఫోన్ తీసి రికార్డింగ్ పెట్టకు. ఆమె కూరగాయలు తరుగుతుంటే కూర్చుని చూడు. మాట్లాడితే విను, మాట్లాడకపోతే భోంచేసి వచ్చేద్దాం. భోపాల్ కథ అప్పటిదాకా పక్కన పెట్టు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ