మోటారు స్విచ్చి ఎవరి చేతిలో ఉంది?

సంక్రాంతికి అనంతపురం వెళ్లినప్పుడల్లా మా ఇంటి వసారాలో వీసాల పంచాయితీ ఒకటి తప్పదు. ఈసారి ముగ్గురొచ్చారు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేస్తున్న మా అక్క కొడుకు, పక్కింటి నర్సమ్మాయి, పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో మెకానికల్ ఇంజనీరుగా ఉన్న మా చిన్నాయన అల్లుడు. అమ్మ చాటెడు వేయించిన చెనక్కాయలు మధ్యలో పెట్టి పోయింది. ముగ్గురిదీ ఒకటే ప్రశ్న: ఆస్ట్రేలియాకు ఏ వీసా మీద పోతే పీఆర్, అంటే శాశ్వత నివాసం, తొందరగా వస్తుంది?

తొందర సంగతి తర్వాత చూద్దాం, ముందు స్విచ్చి ఎవరి చేతిలో ఉందో చూడండి అన్నాను.

మాది ఉరవకొండ వైపు పల్లె. మా నాన్న మూడు రకాల సేద్యమూ చేశాడు. వాన మీద చెనక్కాయ, హెచ్చెల్సీకి, అదే తుంగభద్ర ఎగువ కాలువకు, నీళ్లు వదిలిన ఏడు దాని కింద వరి, ఇంకో ఎకరాకు పక్క రైతు బోరు నుంచి కౌలు నీళ్లు. మూడింట్లో ఆయనకు నిద్ర లేకుండా చేసింది ఆ మూడోదే. నీళ్లు బాగానే వచ్చేవి. మోటారు స్విచ్చి మాత్రం పక్కాయన ఇంట్లో ఉండేది.

నేను 2017 ఆగస్టులో మెల్‌బోర్న్ పోయింది అట్లాంటి స్విచ్చి మీదే. అప్పుడు దాన్ని 457 వీసా అనేవాళ్లు. కంపెనీ స్పాన్సర్ చేస్తుంది, రెండేళ్లు పనిచేస్తే పీఆర్‌కు పెడుతుంది అని చెప్పారు. 2018 మార్చిలో ప్రభుత్వం ఆ రెండేళ్లను మూడేళ్లు చేసింది. సరేలే, ఇంకో ఏడాదే కదా అనుకున్నాను. 2019 అక్టోబరులో ఒక సోమవారం పొద్దున మీటింగుకు పిలిచి, ప్రాజెక్టు మూసేస్తున్నామన్నారు. ఉద్యోగం పోయిన రోజు నుంచి 60 రోజుల్లో కొత్త స్పాన్సర్ దొరక్కపోతే పెట్టె సర్దుకోవాల్సిందే, అదీ అప్పటి రూలు. అప్పటికి నా భార్యకు ఏడో నెల. ఆ 60 రోజుల్లో నేను తిన్నదేమిటో, పడుకున్నదెక్కడో నాకిప్పటికీ సరిగ్గా గుర్తులేదు. చివరి వారంలో అడిలైడ్‌లో ఒక చిన్న కంపెనీ తీసుకుంది. జీతం పాతిక శాతం తక్కువ. అయినా దండం పెట్టి చేరాను.

కాబట్టి స్పాన్సర్ వీసా అంటే నాకు కొంచెం పక్షపాతం ఉంది, అది లెక్కలో పెట్టుకొని వినండి. ఇప్పుడు పరిస్థితి అంత ఘోరంగా లేదు. 457 స్థానంలో వచ్చిన 482 వీసా 2024 డిసెంబరు 7 నుంచి ‘స్కిల్స్ ఇన్ డిమాండ్’ అనే కొత్త పేరుతో నడుస్తోంది. ఉద్యోగం పోతే ఒక్కో విడతకు 180 రోజుల దాకా, మొత్తం మీద 365 రోజుల దాకా గడువిస్తారు. ఆ గడువులో వేరే చోట పనిచేసుకోవచ్చు కూడా. కంపెనీ పెట్టే పీఆర్ వీసా, అదే 186కు, మూడేళ్ల పని పోయి మళ్లీ రెండేళ్లయింది. ఆ రెండేళ్లూ ఒకే కంపెనీలో ఉండక్కర్లేదు, గుర్తింపున్న ఏ స్పాన్సర్ దగ్గర చేసినా లెక్కకొస్తుంది. స్విచ్చి ఇంకా పక్కాయన ఇంట్లోనే ఉంది కానీ, మన చేలో ఒక నీళ్లతొట్టి కట్టుకోనిచ్చారన్నమాట. 45 ఏళ్లు నిండకముందే 186 దాకా చేరాలనేది మర్చిపోవద్దు.

మా బావ గొంతు తగ్గించి, “టౌన్‌లో ఒకాయన ఇరవై లక్షలిస్తే స్పాన్సర్‌ని చూపిస్తానంటున్నాడప్పా” అన్నాడు. డబ్బు తీసుకొని స్పాన్సర్ చేయడం 2015 డిసెంబరు నుంచి ఆస్ట్రేలియా చట్టం ప్రకారం తప్పు. తీసుకున్నవాడికే కాదు, ఇచ్చినవాడికీ చిక్కే, వీసా రద్దు చేయొచ్చు. ఇరవై లక్షలంటే మా వైపు రెండెకరాలు అమ్మాలి. అమ్మి కొనుక్కునేది ఒక భయం.

మేనల్లుడి సంగతికొద్దాం. వాడికి 27 ఏళ్లు, జేఎన్టీయూలో సీఎస్ఈ, అయిదేళ్ల అనుభవం, పెళ్లి కాలేదు. కంపెనీ స్పాన్సర్ లేకుండా వయసుకు, చదువుకు, అనుభవానికి, ఇంగ్లిష్‌కు పాయింట్లు వేసి ఇచ్చే వీసాలకు బంగారంలాంటి వయసు. చెనక్కాయ పొట్టు మీదే లెక్క వేశాం. 25 నుంచి 32 ఏళ్ల మధ్య వయసుకు 30. డిగ్రీకి 15. ఒంటరివాడు కాబట్టి 10. ఇంగ్లిష్‌లో సుపీరియర్, అంటే ఐఈఎల్‌టీఎస్ పరీక్ష నాలుగు భాగాల్లోనూ 8 తెచ్చుకుంటే 20. అనుభవం దగ్గర వాడు, “అయిదేళ్లకు 10 పాయింట్లు మామా” అన్నాడు.

అక్కడే నేనూ కాలు జారాను. సాఫ్ట్‌వేర్ వాళ్ల చదువును, అనుభవాన్ని మదింపు చేసేది ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ, అందరూ ఏసీఎస్ అంటారు. పనికి దగ్గరి డిగ్రీ ఉన్నా సరే, మొదటి రెండేళ్లను నైపుణ్యం నేర్చుకున్న కాలం కింద కోసేస్తుంది. డిగ్రీకీ పనికీ దగ్గరి సంబంధం లేకపోతే నాలుగేళ్లు. నేను 2018లో ఆ కోత చూసుకోకుండా నిండు అనుభవం చూపించి ఆసక్తి పత్రం, అదే ఈఓఐ, వేశాను. దరఖాస్తు చేసుకోమని పిలుపు వచ్చింది. ఫీజు కట్టే ముందు రాత్రి ఏసీఎస్ ఉత్తరం మళ్లీ చదివితే గుండె జారింది. చెప్పుకున్న పాయింట్లు రుజువు కాకపోతే వీసా తిరస్కరిస్తారు, ఫీజు తిరిగి రాదు. చేతికొచ్చిన పిలుపును చేజేతులా వదులుకున్నాను. ఆ లెక్క వేసిపెట్టిన కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు.

కాబట్టి వాడి అయిదేళ్లలో రెండు పోతే మూడు, అయిదు పాయింట్లు. మొత్తం 80. అనువాదకులకు గుర్తింపునిచ్చే ‘నాటి’ (NAATI) సంస్థ వాళ్ల సీసీఎల్ పరీక్ష తెలుగులో రాస్తే ఇంకో 5, మొత్తం 85.

ఈ సీసీఎల్ గురించి ఒక మాట చెప్పాలి. రెండు సంభాషణలు వినిపిస్తారు, ఇంగ్లిష్ వాక్యాన్ని తెలుగులో, తెలుగు వాక్యాన్ని ఇంగ్లిష్‌లో చెప్పాలి. 90కి 63 రావాలి, ఒక్కో సంభాషణలో 45కి కనీసం 29. మన పిల్లలు ఇంగ్లిష్‌కు భయపడి తెలుగును అలుసుగా తీసుకుంటారు, తప్పేది తెలుగు దగ్గరే. అద్దె ఒప్పందం, బీమా పరిహారం, కోర్టు వాయిదా లాంటివి తడుముకోకుండా రావాలి. మావాడిని ‘డిస్‌కౌంట్’కు తెలుగు అడిగితే ‘ఆఫర్’ అన్నాడు. లోపల్నుంచి అమ్మ నవ్వింది. రోజూ పేపరు పైకి చదవమన్నాను.

సరే, 85 ఉంది. చాలా? 65 ఉంటే దరఖాస్తుకు అర్హత, అంతే. పిలుపు రావడం వేరే సంగతి. 189 వీసా నాకు వాన చేను లాగే కనిపిస్తుంది. స్పాన్సర్ అక్కర్లేదు, రాష్ట్రం అక్కర్లేదు, దిగిన రోజు నుంచే పీఆర్, దేశంలో ఎక్కడైనా బతకొచ్చు. కానీ మబ్బు కరుణించాలి. 2023-24లో 189కి 30,375 సీట్లు పెట్టారు, మరుసటి ఏడు 16,900. మన తప్పేమీ లేదు, వాన పడలేదు అంతే. పైగా నర్సులకు, టీచర్లకు పడే వాన సాఫ్ట్‌వేర్ చేల మీద పడదు.

190 కాలువ నీళ్లు. ఒక రాష్ట్రం నామినేట్ చేస్తే 5 పాయింట్లు కలుస్తాయి, ఇదీ నేరుగా పీఆరే. జూలైలో కొత్త ఏడాది మొదలవుతుంది. ఏ రాష్ట్రం ఎప్పుడు తూము ఎత్తుతుందో, ఏ పనివాళ్లకు ఎత్తుతుందో ఏడాదికో తీరు. కొన్నిసార్లు ఆ రాష్ట్రంలో ఇప్పటికే ఉన్నవాళ్లకే వదులుతారు. తూము ఎత్తిన వారంలో కాగితాలన్నీ చేతిలో ఉన్నవాడికే నీళ్లు.

రీజినల్ వీసా 491ని మాత్రం ఏ సేద్యంతో పోల్చాలో నాకు తెలియదు, ఎందుకంటే నేను చివరికి దాని మీదే గట్టెక్కాను. 15 పాయింట్లు కలుస్తాయి. మావాడి 85 కాస్తా 100 అవుతుంది. ఇచ్చేది అయిదేళ్ల తాత్కాలిక వీసా. మూడేళ్లు ‘రీజినల్’ ప్రాంతంలో ఉండి, పనిచేసి, ఆ మూడేళ్ల పన్ను లెక్కలు చూపిస్తే 191 కింద పీఆర్. రీజినల్ అనగానే ఎడారి అనుకుంటారు మనవాళ్లు. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ తప్ప మిగతాదంతా ఆ లెక్కలోకే వస్తుంది. పెర్త్, అడిలైడ్, కాన్‌బెర్రా, గోల్డ్‌కోస్ట్ కూడా. అడిలైడ్ వేసవిలో 40 డిగ్రీలు దాటి, ఎర్రటి దుమ్ము లేచిన రోజున నాకు మా ఊరే గుర్తొస్తుంది.

491లో నాకు నచ్చింది ఒకటే. స్విచ్చి ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ లేదు. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవచ్చు, అది రీజినల్‌లో ఉంటే చాలు. 2021లో వీసా చేతికొచ్చాక రెండుసార్లు కంపెనీ మారాను, ఎవరి అనుమతీ అడగలేదు. ప్రభుత్వ వైద్యానికి మెడికేర్ కార్డు కూడా వస్తుంది, రెండో కాన్పు దాని మీదే గడిచింది. నచ్చనివీ ఉన్నాయి. ఆ మూడేళ్లూ నిండకముందు మనసు మారి 189కో, 190కో, 186కో దూకుదామంటే కుదరదు, తలుపు మూసే ఉంటుంది. ఇల్లు కొనాలన్నా చిక్కే. 2025 ఏప్రిల్ నుంచి రెండేళ్ల పాటు తాత్కాలిక వీసా వాళ్లు పాత ఇళ్లు కొనకూడదని నిషేధం పెట్టారు, కొత్తగా కట్టేదానికైతే అనుమతి తెచ్చుకోవాలి. సిడ్నీలోనే ఉద్యోగం చేస్తాననేవాడికి 491 శిక్షే. కానీ, “మూడేళ్లు ఎక్కువ కదా మామా” అంటే ఒప్పుకోను. 189 పిలుపు కోసం బెంగళూరులో కూర్చునే మూడేళ్లూ మూడేళ్లే.

పక్కింటి అమ్మాయికి ఎక్కువ చెప్పాల్సిన పని పడలేదు. కర్నూలులో బీఎస్సీ నర్సింగ్ చేసి, బెంగళూరులో ఐసీయూ అనుభవం ఉంది. ఆమెకు ఏ తలుపైనా తెరుచుకుంటుంది, వీసా కంటే అక్కడ నర్సుగా రిజిస్ట్రేషనే అసలు పని. మన నర్సులు సాధారణంగా ముందు ఎన్‌సీఎల్‌ఈఎక్స్ అనే నర్సింగ్ పరీక్ష పాసవ్వాలి, దాన్ని ఇండియాలోనే రాయొచ్చు. ఆ తర్వాత చేతిపని చూపించే ఓఎస్‌సీఈ. అది జరిగేది మా అడిలైడ్‌లోనే. ఆ పరీక్షకొచ్చే తెలుగమ్మాయిలు ఏడాదికి ఒకరిద్దరైనా మా ఇంట్లో దిగుతారు. “అన్నా, ఇంకో పరీక్షా?” అని నీరసపడింది. రెండూ దాటితే 189 నీకు దగ్గర, మావాడికి దూరం అన్నాను. మావాడి ముఖం మాడింది.

బావ సంగతే కష్టం. 34 ఏళ్లు, 11 ఏళ్ల అనుభవం. 33 నిండిన రోజే వయసు పాయింట్లు 30 నుంచి 25కు పడిపోయాయి, 40 నిండితే 15. ఆయన అనుభవానికి ఏసీఎస్ కోత లేదు, ఇంజనీర్ల మదింపు ఇంజనీర్స్ ఆస్ట్రేలియా అనే సంస్థ చూస్తుంది కాబట్టి. 25, చదువుకు 15, అనుభవానికి 15, ఐఈఎల్‌టీఎస్ 7కు 10. మొత్తం 65. ఇక ఆయన భార్య, అంటే మా చెల్లెలు, ఇంగ్లిష్ పరీక్ష రాసి అన్నింట్లో 6 తెచ్చుకుంటే ఇంకో 5. ఇంట్లో ఆ మాట ఎవరూ ఆమెకు చెప్పలేదు! రాస్తానంది వెంటనే. 70కి 491 కలిపితే 85, మెకానికల్‌కు ప్రయత్నించదగ్గ అంకె. ఆయన 8కి ఎక్కితే ఇంకా మంచిది. ఐఈఎల్‌టీఎస్ బదులు పీటీఈ అనే ఇంగ్లిష్ పరీక్ష రాసేవాళ్లు పాత 79 లెక్క పట్టుకోవద్దు, 2025 ఆగస్టులో స్కోర్లు మార్చారు.

ఆయన రాయాల్సింది సీడీఆర్, తన పని గురించి తానే రాసుకునే మూడు కథనాలు. పది వేలిస్తే రాసిపెట్టేవాళ్లు మన దగ్గర దొరుకుతారు. ఒకరి కథనం ఇంకొకరిలో తేలితే ఇంజనీర్స్ ఆస్ట్రేలియా నిషేధం పెడుతుంది. వీసా కాగితాల్లో అబద్ధం తేలితే మూడేళ్లు ఆ దేశం వైపు చూడలేరు. ఫ్యాక్టరీలో ఆయన బిగించిన బోల్టుల గురించి ఆయనే రాయాలి.

“కెనడా అయితే?” అన్నాడు బావ. అక్కడ వయసు పాయింట్లు 30 నుంచే కరగడం మొదలవుతాయి, ఉద్యోగ ఆఫర్‌కిచ్చే పాయింట్లు 2025 మార్చిలో తీసేశారు. ఏదైనా ప్రావిన్స్ నామినేట్ చేస్తే 600 కలుస్తాయి, అది తప్ప ఈ వయసులో బావకు అక్కడ దారి సన్నం. అమెరికా ఊసు నేను ఎత్తనే లేదు. హెచ్1బీ స్విచ్చి కంపెనీది, గ్రీన్‌కార్డుకు ఏ దేశానికీ 7 శాతం దాటకూడదనే పరిమితి, మన క్యూ మన పిల్లల పెళ్లిళ్ల దాకా ఉంది.

మరి స్పాన్సర్ వీసా ఎవరికీ వద్దా అంటే, వద్దనను. 40 దాటి పాయింట్లు చాలనివాళ్లకు అదే దారి. చేతిలో ఆఫర్ ఉంటే పోండి. పోయిన మొదటి నెలలోనే మీ పేరు మీద మదింపు చేయించుకొని, ఈఓఐ వేసి పెట్టుకోండి. ఈఓఐకి ఫీజు లేదు, రెండేళ్లు ఉంటుంది. నేను ఆ పని మొదటి నెలలోనే, సరైన లెక్కతో చేసి ఉంటే 2019లో ఆ 60 రోజులు అట్లా గడిచేవి కావు.

చీకటి పడ్డాక మావాడు ఫైలు తీసి చూపించాడు. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పాత కంపెనీ లెటర్‌లో అసలు ఇంటిపేరే లేదు. ఆ లెటర్‌లో చేరిన తేదీ, మానేసిన తేదీ తప్ప ఏం పని చేశాడో ఒక్క ముక్కా లేదు. ఏసీఎస్‌కు కావాల్సింది ఆ ముక్కే. హెచ్ఆర్ ఇవ్వనంటే, కలిసి పనిచేసిన సీనియర్ చేత ప్రమాణపత్రం రాయించి, దానికి పే స్లిప్పులు, ఫారం 16, పీఎఫ్ కాగితాలు జతచేయాలి. “అన్ని నెలల పే స్లిప్పులు ఎక్కడున్నాయో మామా” అన్నాడు. రేపు పొద్దున బస్సెక్కే లోపు వెతకమన్నాను.