క్రియ చివరి ప్రత్యయం ఆచూకీ చెబుతుంది, అనుమతి ఇవ్వదు

క్రియ చివర ను, వు, డు ఉండబట్టే తెలుగులో కర్తను వదిలేయగలుగుతున్నాం కదా, దీనికి హద్దులేమైనా ఉన్నాయా అని అడిగారు. హద్దులున్నాయి. ‘ఉండబట్టే’ అన్న మాట మాత్రం తప్పు.

‘రాలేదు’ తీసుకోండి. నేను రాలేదు, నువ్వు రాలేదు, వాడు రాలేదు, వాళ్ళు రాలేదు. మనిషి మారినా ‘లేదు’ మారదు. అయినా ‘రవి వచ్చాడా?’ అంటే ‘రాలేదు’ అని ఊరుకుంటాం. కర్మ సంగతి ఇంకా తేట. ‘పుస్తకం చదివావా?’ ‘చదివాను.’ కర్మను బట్టి మన క్రియ ఏనాడూ మారదు, అయినా పుస్తకం మాయం.

ఈ ప్రత్యయాల వాదం అసలు ఇటాలియన్‌ది. 1978లో తారాల్డ్‌సెన్, 1982లో రిట్సి అనే భాషాశాస్త్రవేత్తలు దాన్ని నిలబెట్టారు, అక్కడ బాగానే నడిచింది. ఏ ప్రత్యయమూ లేని చైనీస్‌లోనూ కర్త, కర్మ రెండూ ఎగిరిపోతాయని 1984లో హువాంగ్ అనే మరో భాషాశాస్త్రవేత్త చూపించేసరికి చిక్కొచ్చింది. కర్మ చోట ఉన్న ఖాళీని ఆయన అప్పటికే మాటల్లో నడుస్తున్న విషయానికి ముడిపెట్టాడు. తెలుగును ఇటాలియన్ పక్కన కూర్చోబెట్టి చేతులు దులుపుకునే క్లాసు నోట్సుల్లో ఒక్కదాంట్లోనైనా ‘రాలేదు’ కనిపిస్తే ఒట్టు.

మరి ప్రత్యయం చేసే పనేంటి? ఖాళీలో ఉన్నదెవరో ఆచూకీ చెప్పడం. ‘రవి ఫోన్ చేసి రానని చెప్పాడు’ అంటే రానిది రవే. ‘రవి ఫోన్ చేసి రాడని చెప్పాడు’ అంటే రానిది ఇంకెవడో. ఇప్పుడు ‘రవి ఫోన్ చేసి రాలేదని చెప్పాడు’ అనండి. రానిది రవా, వాళ్ళన్నయ్యా, పార్సిలా? ముగ్గురికీ సరిపోతుంది. వాక్యంలో తప్పేమీ లేదు, ఆచూకీ మాత్రం పోయింది.

ఇక హద్దులు. ఇంతసేపూ సీత గురించే మాట్లాడుకుంటున్నాం అనుకోండి. ‘ఇంటికి వచ్చాక రవి వంట చేశాడు’ అంటే వచ్చింది సీత కావచ్చు, రవీ కావచ్చు. ‘ఇంటికి వచ్చి రవి వంట చేశాడు’ అంటే రవి ఒక్కడే. సీత గురించి గంటసేపు మాట్లాడినా ఆ ఖాళీలోకి సీత దూరదు. పరీక్ష తేలికే: ఖాళీలో వేరే మనిషి పేరు పెట్టి చూడండి. ‘సీత వచ్చాక రవి వంట చేశాడు’ నిలబడుతుంది, ‘సీత వచ్చి రవి వంట చేశాడు’ కూలిపోతుంది. 1980ల తొలినాళ్ళలో భాషాశాస్త్రవేత్త చామ్‌స్కీ విడదీసిన చిన్న ప్రో, పెద్ద ప్రోల తేడా ఇదే. ప్రో అంటే పైకి వినిపించని సర్వనామం. ‘వచ్చాక’ దగ్గరున్నది చిన్న ప్రో, మామూలు సర్వనామంలా తిరుగుతుంది. ‘వచ్చి’ దగ్గరున్నది పెద్ద ప్రో, దాని పగ్గం ప్రధాన వాక్యం కర్త చేతిలో ఉంటుంది. ‘వాన పడి చెరువు నిండింది’ ఉంది కదా అంటారేమో. అక్కడ రెండూ ప్రాణం లేనివి, ఒకటి కారణం, రెండోది ఫలితం. మనుషులు, వాళ్ళు కావాలని చేసే పనులు వస్తే ఆ వెసులుబాటు ఉండదు.

బడి వ్యాకరణం వీటన్నిటికీ ‘అధ్యాహారం’ అని ఒకే ముద్ర వేస్తుంది. ఏది పూరించుకోవచ్చో చెబుతుంది. ఏది పూరించుకోకూడదో చెప్పదు, చెప్పాల్సింది అదే.

మూడో రకం ఖాళీ ‘నేను చూసిన సినిమా’లో ఉంది. ‘నేను దాన్ని చూసిన సినిమా’ అనలేం. అంటే అక్కడున్నది సర్వనామం కాదు, కదలిక వదిలిన జాడ, అంటే ‘సినిమా’ చివరికి జరిగిపోతే దాని పాత చోట మిగిలిన ఖాళీ. కానీ ‘రాసిన ప్రతి పుస్తకమూ అమ్ముడుపోయిన రచయిత’ చూడండి. విశేషణ వాక్యం (‘నేను చూసిన’ లాంటిది) కడుపులో ఇంకో విశేషణ వాక్యం, దాని లోపల ఖాళీ. అది జాడ అయితే, దాన్ని వదిలిన మాట అంత లోతు నుంచి బయటికి రాకూడదు. ‘తాను రాసిన ప్రతి పుస్తకమూ’ అని పెట్టి చూడండి, చక్కగా కూర్చుంటుంది. అంటే అది చిన్న ప్రో.

జాడ ఎక్కడ పడితే అక్కడ మిగలదు కూడా. ‘కూర తరిగిన కత్తి’ బాగుంది, ‘రవి ఊరెళ్ళిన స్నేహితుడు’ బాగాలేదు. రెండు చోట్లా పోయింది ‘తో’నే (కత్తితో, స్నేహితుడితో). తరగడానికి పనిముట్టు కావాలని క్రియే చెబుతుంది కాబట్టి మొదటి ‘తో’ దొరుకుతుంది. వెళ్ళడానికి తోడు అక్కర్లేదు, రెండోది దొరకదు. అలాంటి చోట ‘రవి ఎవరితో ఊరెళ్ళాడో ఆ స్నేహితుడు’ అని విప్పి చెప్పాల్సిందే.